కడిగి ఇచ్చిన గిన్నె

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా యారాడలో ఎవరిని అడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. బేరం కుదిరాక కూడా బుట్టలో చెయ్యి పెట్టి ఇంకో చేప వెయ్యమనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా బీచికి షికారుకొచ్చి సీసాలు పగలగొట్టి పోయేవాళ్ళని చూస్తే ఇంకా మండుతుంది. అలాంటి నేను ఒక మనిషి పేరు తలుచుకుని రోజూ దండం పెట్టుకుంటున్నానంటే మా ఊళ్ళో చాలామంది నమ్మలేదు. ఆ మనిషి ఎవాంజలిన్ మేడమ్. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు మా ఇంట్లో ఫోను గురించి చెప్పాలి.

మా ఇంటికంతటికీ ఒక్కటే ఫోను. అది మా నాన్నది. నాన్న పేరు సింహాద్రి, పడవ మీద వేటకెళతాడు. ఫోను కూడా ఆయనతోపాటే సముద్రం మీదకి వెళుతుంది, ఆయనతోపాటే ఒడ్డుకొస్తుంది. ఒడ్డున ఉన్నన్నాళ్ళూ అది ఇంటిల్లిపాదిదీ. అమ్మ హార్బరులో ఆ పూట ధర ఎలా ఉందో కనుక్కుంటుంది. నేను పాఠాలు చూసుకుంటాను, లెక్కలు వేసుకుంటాను, ఏదైనా తోస్తే రాసుకుంటాను. నేను ఇంటరు మొదటి సంవత్సరంలో ఉండగా ఒకసారి నా పాఠాల వీడియోలతో ఫోను నిండిపోయింది. నేను చూసుకోలేదు. నాన్న ఆ ఫోనే పట్టుకుని వేటకెళ్ళాడు. గాలివాన వస్తోంది, వెనక్కి రండని పడవలవాళ్ళ గ్రూపులో కబురు పెడితే, ఫోనులో జాగా లేక ఆ కబురు ఆయనకి అందలేదు. పక్క పడవవాళ్ళు కేకేసి తీసుకొచ్చారు కాబట్టి సరిపోయింది. నాన్న క్షేమంగానే వచ్చాడు గానీ, ఆయన వచ్చేదాకా వానలో ఇసక మీద నిలబడి అమ్మ పడ్డ బాధ నా కళ్ళారా చూశాను.

ఆ మర్నాడు మా అమ్మ నూకాలు ఇంట్లో ఒక పద్ధతి పెట్టింది. ఫోను వాడుకున్నాక కడిగి ఇవ్వాలి. నీళ్ళతో కాదు లెండి. చూసినవి, దించుకున్నవి, రాసుకున్నవి అన్నీ తీసేసి, ఎలా తీసుకున్నామో అలా నాన్న చేతికివ్వాలి.

"పక్కింటోళ్ళ గిన్నె తెచ్చుకుంటే కడిగే ఇత్తాం గదే," అంది అమ్మ. "ఇదీ అంతే. నువ్వు ముట్టుకున్నావన్న జాడ ఉండకూడదు."

నేను ఆ మాట మీద నిలబడ్డాను. నాన్న పడవ బొమ్మ ఫోనులో వేలితో గీసి, రంగులేసి, నాన్నకి చూపించి, ఆయన ముచ్చటపడి నవ్వాక తుడిచేశాను. లైట్ హౌస్ మీద ఒక పెద్ద వ్యాసం రాసుకుని, కాగితం మీదకి ఎత్తుకుని, ఫోనులోంచి తీసేశాను. ఇంటరు చదివిన రెండేళ్ళూ నేను చేసినవి చాలా ఉన్నాయి, ఇదిగో ఇది నేను చేశానని చూపించడానికి మాత్రం ఒక్కటీ లేదు. అప్పట్లో నాకు అది లోటని కూడా తెలియదు.

ఇంటరు అయ్యాక గాజువాకలో ఒక శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ పరీక్ష పెడుతున్నారని తెలిసింది. పాసయితే ఏడాదిపాటు వాళ్ళే నేర్పుతారు, నెలనెలా ఖర్చులకి కొంత ఇస్తారు, ఆ తర్వాత పోర్టు పక్కన కంటైనర్ యార్డులో తెరల ముందు కూర్చుని చేసే ఉద్యోగం. ఏ కంటైనర్ ఎక్కడుంది, ఏ లారీ ఎటు పోవాలి అన్నీ ఆ తెరల మీదే చూస్తారట. మా కొండ మీద నుంచి రోజూ కనిపించే క్రేన్లకి దారి చూపించేది ఎవరో ఒక గదిలో కూర్చున్న మనిషని నాకు అప్పుడే తెలిసింది. ఆ మనిషి నేనే అవ్వాలని పట్టుపట్టాను.

ఆ పరీక్ష మా ఒక్క ఊరిది కాదు. కేంద్రం పెద్ద గురునాథరావు గారు మొదటి రోజే ఆ సంగతి చెప్పారు. అవే ప్రశ్నలు ఎన్నో దేశాల్లో మా ఈడువాళ్ళు వాళ్ళవాళ్ళ భాషల్లో చేస్తున్నారు. ఏ ఊరి పిల్లలకి కంప్యూటర్ మీద ఏం చేతనవును, ఏం చేతకాదు, ఎక్కడ ఏం నేర్పాలి అని కొలిచి చూసుకోవడానికి కొందరు పెద్దలు కలిసి తయారుచేశారు. మా కేంద్రంవాళ్ళు ఆ కొలతనే సీట్లకి కూడా వాడుకుంటామన్నారు. మొత్తం నాలుగు మెట్లు. పై రెండు మెట్ల మీద ఉన్నవాళ్ళకే సీటు.

ఇంట్లో అమ్మ మాత్రం ఇంకో ఏర్పాటు చేసిపెట్టింది. సీటు రాకపోతే నేను రొయ్యల కంపెనీకి వెళ్ళాలి. ఆ కంపెనీ వ్యాను కొండ కింద సింధియా జంక్షన్‌లో ఆగుతుంది, అందులో మనుషుల్ని ఎక్కించే తాతబాబుతో మాట్లాడి ఉంచింది. పెళ్ళికి ముందు అమ్మ చేసింది ఆ పనే. పొద్దుణ్ణించి సాయంత్రందాకా మంచులో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసేది. ఇప్పటికీ చలికాలం వస్తే ఆవిడ వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు. నన్ను అక్కడికి పంపడం ఆవిడకి ఇష్టమని కాదు, వేట బాగా లేదు, ఇంట్లో ఇంకో దారి లేదు. కాబట్టి ఆ పరీక్ష నాకు పరీక్ష కాదు, మంచులో చెయ్యి పెట్టాలా వద్దా అన్న ప్రశ్న.

పరీక్షకి ముందు కొన్నాళ్ళు కేంద్రంలో పాఠాలు చెప్పారు. ఒక్కో కంప్యూటర్‌కి ముగ్గురం. నా వంతు అవగానే చేసినదంతా తీసేసి పక్కమ్మాయికి శుభ్రంగా అప్పగించేదాన్ని. ఎంత పద్ధతైన పిల్లో అని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోరూ మరి.

పరీక్ష రోజు పర్యవేక్షణకి ఎవాంజలిన్ మేడమ్ వచ్చారు. అప్పటికి ఆవిడ నాకు కొత్త. సిటీలో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతారని, పరీక్ష సవ్యంగా జరిగేలా చూడమని ఆ పరీక్షవాళ్ళే ఆవిడని పెట్టారని విన్నాను. సన్నగా ఉంటారు, గొంతు పైకి లేవదు. ఇంత మెత్తటి మనిషి హాలు నిండా ఉన్న కుర్రకారుని ఎలా ఆపుతుందో చూద్దాం అనుకున్నాను. ఆవిడ ఆపింది ఏమీ లేదు, చేతులు కట్టుకుని వరసల మధ్య నడిచారు, అందరూ వాళ్ళంతట వాళ్ళే నోరు మూసుకున్నారు.

ప్రశ్నలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. తుఫాను వస్తోందని ఒక మెసేజి ఇచ్చి, అది నిజమో అబద్ధమో తేల్చమన్నారు. వాతావరణంవాళ్ళ పేజీ వెతికి, తారీఖు చూసి, ఎప్పటిదో పాత తుఫాను కబురని తేల్చిపారేశాను. మా ఇంట్లో అది రోజూ చేసే పని. తర్వాత నాలుగు ఊళ్ళ బస్సుల వేళలు పట్టికలో పెట్టమన్నారు. ఒక గ్రంథాలయానికి ప్రకటన తయారుచేసి ఫలానా వాళ్ళకి మెయిలు చెయ్యమన్నారు. ఆ ప్రకటనకి నీలం రంగు అంచు కూడా వేశాను, ఎవరూ అడక్కపోయినా. ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు.

అంతా అయ్యాక ఇంకా సమయం మిగిలింది. అప్పుడు నేను ఎప్పుడూ చేసే పని చేశాను. చేసిన ఫైళ్ళు ఒక్కొక్కటీ తీసేశాను. పంపిన మెయిలు తీసేశాను. ఏయే పేజీలు తిరిగానో ఆ జాడ తీసేశాను. చివరికి తెర మీద ఉన్న చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, నేను కూర్చున్నప్పుడు ఎలా ఉందో అలాగే చేసి లేచాను. మధ్యాహ్నం ఇంకో బ్యాచి కూర్చోవాలి కదా. హాల్లోంచి బయటికొస్తుంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఫలితాలు వచ్చిన రోజు గురునాథరావు గారు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి చెప్పారు. నా పేరు నాలుగు మెట్లలో దేని మీదా లేదు. మొదటి మెట్టుకి కింద, నేల మీద ఉంది.

"కంప్యూటర్ ముందు కూర్చుని నిద్రపోయావా అమ్మా?" అన్నారాయన. "ఒక్క పని చెయ్యలేదు. అంతా ఖాళీ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాను అన్నీ సేసినాను సార్. మీ మిషన్‌కే కళ్ళు కనపళ్ళేదు," అన్నాను. బయట బల్లల మీద కూర్చున్నవాళ్ళందరికీ వినపడింది.

ఆయన కోప్పడలేదు. మిషన్‌కి నీ మీద పగేమీ లేదమ్మా అన్నారు. పరీక్ష అయ్యేసరికి పిల్లలు చేసి ఉంచినదాన్ని చూసి అది మార్కులేస్తుందట, నాది చూస్తే చూడ్డానికేమీ లేదట. ఒకసారి మార్కుల లెక్క ఆ పరీక్షవాళ్ళకి వెళ్ళిపోయాక మళ్ళీ రాయించడానికి ఆయనకి అధికారం లేదు. వచ్చే వారం సీట్లు నింపేస్తారు. ఇవన్నీ ఆయన నెమ్మదిగానే చెప్పారు, నేనే వినిపించుకునే స్థితిలో లేను. తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

బస్టాపులో నిలబడి ఆ మిషన్‌నీ, దాన్ని కనిపెట్టినవాళ్ళనీ వరసపెట్టి తిట్టుకుంటుంటే వెనక నుంచి ఎవాంజలిన్ మేడమ్ వచ్చారు. గదిలో ఒక పక్కన కూర్చుని అంతా విన్నారట.

"నువ్వు నిద్రపోలేదు జ్యోతీ," అన్నారు. "ఆ రోజు నీ వెనకే రెండు మూడుసార్లు ఆగాను. ఆ నీలం అంచు నేను చూశాను."

ఆ ఒక్క మాటకి నా కోపమంతా నీరైపోయి బస్టాపులోనే బావురుమన్నాను. అంతసేపూ నేను అబద్ధం చెప్పడం లేదని నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు ఇంకో మనిషికి తెలుసు. ఏం జరిగిందో తనకీ అర్థం కావడం లేదని, కనుక్కుంటానని, ఫోను చేస్తానని చెప్పి నంబరు రాసుకున్నారు. నేను నాన్న నంబరిచ్చాను. ఆ పొద్దున్నే నాన్న ఫోనుతో సహా వేటకెళ్ళాడన్న సంగతి, కొండ ఎక్కుతున్న బస్సులో కూర్చున్నాక గానీ నాకు గుర్తు రాలేదు.

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎండిన చేపలు ఏరుకుంటూ తల ఎత్తకుండానే, "పోన్లేయే. సోమారం వ్యానెక్కు," అంది. తర్వాత చాలాసేపు ఆవిడ తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం మా వీధిలోకి ఒక స్కూటీ వచ్చింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, తెల్లచీరలో ఎవాంజలిన్ మేడమ్. ఎన్నిసార్లు చేసినా ఫోను అందలేదట. జ్యోతిర్మయి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరికీ తెలియలేదట గానీ, కోపం ఎక్కువుండే అమ్మాయి అనగానే ముగ్గురు చెయ్యెత్తి చూపించారట. ఆ మాట చెప్పి నవ్వుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. చేతిలో ఒక స్టీలు డబ్బా, దాన్నిండా ఇంట్లో చేసిన కేకు ముక్కలు, భుజానికి లాప్‌టాప్ సంచీ.

అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టాం. ఆవిడ లాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టారు. అలాంటిదే ఇంకో పరీక్ష, మార్కులుండవు, ఆ రోజు హాల్లో ఎలా చేశావో మొదటి నుంచి చివరిదాకా అచ్చం అలాగే చెయ్యి, నేను ఏమీ మాట్లాడను అన్నారు. నేను మొదలుపెట్టాను. మేడమ్ నా పక్కన, అమ్మ గుమ్మంలో. పని నడుస్తున్నకొద్దీ మేడమ్ మొహంలో ఆశ్చర్యం పెరిగింది. ఒక్కో ప్రశ్నా అవుతుంటే తల ఊపుతున్నారు. అన్నీ పూర్తయ్యాక, నేను ఆ రోజు చేసినట్టే, చేసినవి ఒక్కొక్కటీ తీసెయ్యడం మొదలుపెట్టాను.

"ఆగు," అన్నారు మేడమ్, నా చెయ్యి పట్టుకుని. "ఇదేంటి?"

నాకు ఆవిడ ప్రశ్నే అర్థం కాలేదు. పనైపోయింది కదండీ, మీది మీకు ఇచ్చెయ్యాలి కదా అన్నాను. ఆ రోజు కూడా ఇలాగే చేశావా అని అడిగారు. ఆ రోజు చెత్తబుట్ట కూడా ఖాళీ చేశానండీ అని గొప్పగా చెప్పాను. మేడమ్ నోటిమీద చెయ్యి వేసుకున్నారు.

పిల్ల ఏదో తప్పు చేసిందనుకుని అమ్మ గుమ్మంలోంచి లేచి వచ్చింది. "నానే నేర్పినాను తల్లీ. ఒకళ్ళ గిన్నె తెచ్చుకుంటే కడక్కుండా ఎవులైనా ఇత్తారేటి?" అని, గాలివాన కబురు అందని రోజు సంగతి మొత్తం చెప్పింది. మేడమ్ చివరిదాకా విన్నారు. విన్నాక అమ్మని ఒక ప్రశ్న వేశారు.

"కడిగి ఇస్తారు, సరేనమ్మా. మరి ఖాళీగా ఇస్తారా?"

"ఓలమ్మ, ఉత్త గిన్నె ఎలగిత్తాం?" అంది అమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు. "రెండు సేపలో, గుప్పెడు రొయ్యపొట్టో, ఏదోటి ఏసే ఇత్తాం."

"పరీక్షవాళ్ళు ఆ రోజు గిన్నె ఇచ్చింది అందుకేనమ్మా," అన్నారు మేడమ్. "అందులో మీ కూతురు ఏం వేసిందో చూద్దామని. ఈ పిల్ల వండటం వండింది, ఎవరూ రుచి చూడకుండానే పారబోసి, గిన్నె తళతళా తోమి ఇచ్చేసింది."

నాకు అప్పటికి గానీ బుర్రలోకి ఎక్కలేదు. మిషన్ కళ్ళు బాగానే ఉన్నాయి. నేను చేసినదాన్ని నేనే, నా చేతులతో, అంత శ్రద్ధగా లేకుండా చేశాను. తిట్టడానికి నాకు ఎవరూ మిగల్లేదు. అమ్మకి నాకంటే ముందే అర్థమైనట్టుంది. "అయితే నా వల్లే పోయిందా తల్లీ దీని సీటు?" అంది.

"లేదమ్మా," అన్నారు మేడమ్. "మీరు నేర్పింది మంచి అలవాటే. ఆ ప్రశ్నలు తయారుచేసినవాళ్ళకి మీ ఇల్లు తెలీదు. ఒక్క ఫోనుతో ఒక ఇల్లు ఎలా గడుస్తుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నేను చెబుతాను."

వెళ్ళేటప్పుడు అమ్మ ఆవిడ స్టీలు డబ్బా కడిగి, నిండా ఎండు రొయ్యలు పోసి ఇచ్చింది. వద్దంటే ఊరుకుంటుందా.

మర్నాడు పొద్దున్న నేనూ అమ్మా బస్సులో సింధియాకి దిగాం. నాన్న ఇంకా ఒడ్డుకి రాలేదు. నన్ను కేంద్రానికి రమ్మని, గురునాథరావు గారితో మాట్లాడతానని మేడమ్ చెప్పారు గానీ, ఆయన ఏమంటారో తెలియదు. రొయ్యల కంపెనీ వ్యాను ఎదురుగా ఆగి ఉంది, తాతబాబు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆ వ్యాను వదిలేస్తే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నేను అమ్మ మొహంకేసి చూశాను. ఎక్కమంటే ఎక్కేదాన్నే.

"మా గుంట రాదు తాతబాబూ. దానికి ఏరే పనుంది," అంది అమ్మ.

వ్యాను కదిలి వెళ్ళిపోయాక, సీటు ఇంకా రాలేదు కదే అన్నాను.

"రాకపోతే అప్పుడు సూద్దాం," అంది అమ్మ, నా వైపు చూడకుండా. "ఆ మంచులో సెయ్యెట్టి నాను సూసినాను. నువ్వు సూడక్కర్లేదు." అని చేపల బుట్ట నెత్తికెత్తుకుని, వెనక్కి తిరక్కుండా మల్కాపురం వైపు నడిచి వెళ్ళిపోయింది. మా అమ్మ నాకిచ్చిన వాటిలో దాన్ని మించింది ఏదీ లేదు.

కేంద్రంలో గురునాథరావు గారి గదిలోకి అడుగుపెట్టగానే గుప్పున ఎండు రొయ్యల వాసన. మేడమ్ ఆ డబ్బా లాప్‌టాప్ సంచీలోనే మర్చిపోయి వచ్చేశారు. ఆయన కిటికీలన్నీ తెరిపించి, ముక్కు మీద రుమాలు పెట్టుకుని కూర్చున్నారు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. మేడమ్ జరిగిందంతా అప్పటికే చెప్పేసినట్టున్నారు.

"ఆ పరీక్ష మళ్ళీ పెట్టడం నా చేతుల్లో లేదు," అన్నారాయన. "సీటు మాత్రం నా చేతుల్లో ఉంది. కూర్చో. నా ముందు చెయ్యి."

ప్రశ్నలు ఆయనే అప్పటికప్పుడు తయారుచేశారు, ముందటివాటికంటే కష్టంగా. ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోయాను. అన్నీ అయిపోయాయి. అప్పుడొచ్చింది అసలు కష్టం. అలా వదిలేసి లేవలేకపోయాను. చెయ్యి తనంతట తనే తీసెయ్యడానికి వెళ్ళింది. అంట్లు అలాగే పడేసి పండగకి పోతున్నట్టు ఏదో తప్పు చేస్తున్నానన్న బాధ. ఒకరి మిషన్ మీద నా ఫైళ్ళు, నా పేరు, నా రంగులు. ఎవరైనా చూస్తారు. నేను మౌసు మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాను. తెర మీద నేను చేసినదంతా కనిపిస్తోంది. నా బతుకులో నేను చేసిన ఒక పని నేను లేచాక కూడా ఉండిపోవడం అదే మొదటిసారి.

గురునాథరావు గారు అన్నీ తెరిచి చూశారు. చూస్తూ చూస్తూ రుమాలు తీసేశారు. "నిద్రపోయావా అన్నాను కదమ్మా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు. ఆ తర్వాత, సీటు నీదే అన్నారు.

ఆయన అక్కడితో ఆగలేదు, అందుకు ఆయనకీ దండం పెట్టాలి. నాలాగే నేల మీద ఉన్నవాళ్ళనందరినీ మళ్ళీ పిలిచి చూశారు. కొందరికి నిజంగానే రాదు, వాళ్ళకి విడిగా పాఠాలు పెట్టించారు. భీమిలి నుంచి వచ్చే ఒకమ్మాయి మాత్రం వాళ్ళ అన్నయ్య ఫోను వాడుకునేదట, తనూ అన్నీ కడిగేసి లేచిందట. ఆ అమ్మాయి, నేను ఏడాదంతా ఒకే బల్ల మీద కూర్చున్నాం.

మేడమ్ కూడా మా అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు. ఆ పరీక్షవాళ్ళకి మా ఇంటి సంగతి, నాన్న ఫోను సంగతి, గిన్నె సంగతి అన్నీ వివరంగా రాశారు. వాళ్ళు కొట్టిపారెయ్యలేదు. మిగతా దేశాల్లో అడిగి చూస్తే, ఇంటికొక్క ఫోను ఉన్నచోట ఇంకొందరు పిల్లలు కూడా అలాగే తుడిచేసి లేచారని తేలిందట. ఎవరో తెలియని ఆ పిల్లలందరూ కూడా ఎవరో ఒక అమ్మ మాట విన్నవాళ్ళే అయ్యుంటారు. వాళ్ళకీ సున్నాలు వచ్చి ఉంటాయి, వాళ్ళూ ఏదో ఒక మిషన్‌ని తిట్టుకుని ఉంటారు. వాళ్ళ ఊళ్ళో ఎవాంజలిన్ మేడమ్ ఉన్నారో లేదో అని నాకు ఇప్పటికీ దిగులుగానే ఉంటుంది.

ఇప్పుడు నేను యార్డులో తెరల ముందు కూర్చుంటున్నాను. మా కొండ మీద నుంచి కనిపించే ఆ క్రేన్లకి దారి చెప్పే గదిలో నాకో కుర్చీ ఉంది. అమ్మకి ఒక ఫోను కొనిచ్చాను, దాన్ని ఆవిడ ఇప్పటికీ రోజూ కడుగుతుంది. మేడమ్ స్టీలు డబ్బా మా రెండిళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది, ఒక్కసారి కూడా ఖాళీగా వెళ్ళలేదు, ఖాళీగా రాలేదు.

మొన్న అదే పరీక్ష మళ్ళీ పెట్టారు, ఈసారి భీమిలిలో. నాకు సెలవు రోజైతే సాయం రమ్మని మేడమ్ పిలిచారు. నేను చివరి వరసలో నిలబడ్డాను. చాలామందికి పని అయిపోవచ్చింది. అప్పుడు ఒక్కొక్క తెర మీదా ముందు పరీక్షలో లేని ఒక వాక్యం వచ్చింది. మీరు చేసినదేదీ చెరపకండి, అది మీ పని, మీ పేరుతో ఇక్కడే ఉంచండి. ఆ వాక్యం ఇప్పుడు ఆ పరీక్ష జరిగే భాషలన్నిటిలోనూ ఉందని మేడమ్ ముందురోజు చెప్పినప్పుడు సరేనన్నాను. తెర మీద తెలుగులో చూశాక మాత్రం మా అరుగు, గుమ్మంలో అమ్మ, చాప మీద మేడమ్, నేను కళ్ళ ముందు కదిలాం.

చివరి కుర్చీలో ఉన్న అమ్మాయి ఆ వాక్యం చదివి చెయ్యెత్తింది. దగ్గరికి వెళ్ళాను. మౌసు అప్పటికే చెరిపే చోట ఉంది.

"అక్కా, ఇలగ ఒగ్గేసి ఎలిపోవచ్చా?" అని మెల్లిగా అడిగింది. "తరవాత ఎవులైనా సూత్తారు గదా."

"సూడనీ," అన్నాను. "సూడ్డానికే ఒగ్గేయ్."

ఆ అమ్మాయి నమ్మనట్టు నా మొహంకేసి చూసింది. తర్వాత మౌసు మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, తను చేసినదాన్ని చూసుకుంటూ కూర్చుంది.